రెండో వాత

మా అవ్వకు కామెర్లు వచ్చాయని ఇంట్లో ఒక్కరూ కనిపెట్టలేకపోవడానికి కారణం పసుపు. మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఆమె పొద్దున్నే ముఖానికీ, మెడకూ, మోచేతుల దాకా చేతులకూ, పాదాలకూ పసుపు రాసుకుని గానీ గొర్రెల దొడ్డిలో అడుగు పెట్టేది కాదు. మొగుడు బతికున్న ఆడది పసుపు మానొద్దని ఆమె అత్త చెప్పిన మాట. ఎప్పుడూ పచ్చగా ఉండే మనిషి ఇంకొంచెం పచ్చబడితే ఎవరికి తెలుస్తుంది? తెలియాలంటే కళ్లలోకి చూడాలి. మా ఇళ్లలో ఆడదాని కళ్లలోకి చూసి మాట్లాడే మగవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ పెద్దగా లేడు.

మిలిటరీ వచ్చి రజాకార్ల పీడ వదిలిన మరుసటి ఏడు అది. నాకు అప్పటికే పెళ్లయి సూర్యాపేటలో కాపురం. నా పెనిమిటి అక్కడ బడిపంతులు. మా తల్లిగారి ఊరికి మిర్యాలగూడ నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. చలికాలం చివర్లో చూసొద్దామని పోతే అవ్వ సగానికి సగమైపోయి ఉంది. ఏమైందంటే, "తిన్నది కడుపుల నిలుస్తలేదు బిడ్డా, పైత్యం గావచ్చు" అంది. తలంటి పోస్తానని కూర్చోబెట్టాను. పసుపంతా కడిగేశాక గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాను. కళ్లు తంగేడు పూలలా ఉన్నాయి. వీపంతా గోకి గోకి చారలు పడి ఉంది. మా నాయనను అడిగితే, ఆయన నోట్లో నాలుక లేని మనిషి, "సలికి ఒళ్లు పగిలిందనుకున్న" అన్నాడు. పక్కనే పడుకునే మనిషి ఒళ్లు పండుబారి పోతుంటే చలి అనుకున్నాడట! ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

కామెర్లంటే మా గొల్లవాళ్లలో ముందు గుర్తొచ్చేది దవాఖాన కాదు, వాత. వాత అంటే మా మేనమామ. అవ్వకు సొంత అన్న. కోదాడలో ఉండేవాడు. గొర్రెకు రోగమొచ్చినా, మనిషికి కామెర్లొచ్చినా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఆయన గుమ్మం దగ్గరకే వచ్చేవాళ్లు. మంచి ఎత్తరి, పెద్ద గొంతు, తెల్లటి తలపాగా. కృష్ణా జిల్లా పొలిమేరలో ఉండి ఉండి మాట సగం ఆంధ్రా మాట అయిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. కానీ చెల్లెలంటే ప్రాణం. వాళ్ల తల్లి చిన్నప్పుడే పోతే మా అవ్వను భుజాన వేసుకుని గొర్రెల వెంట తిప్పి పెంచింది ఆయనే. కబురు పంపితే మర్నాడే దిగాడు, వాతలు పెట్టే ఇనుప సలాక వెంటబెట్టుకుని.

పొయ్యిలో సలాక ఎర్రబడుతుంటే ఆయన నీతులు చెప్పాడు. ప్రతిసారీ చెప్పే నీతులే. "చూడు చెల్లే, వాతంటే ఒక్కటే వాత. రెండోది పెట్టేవాడు వైద్యుడు కాదు, కసాయోడు. మందలో గొర్రెకైనా అంతే. వాత పెట్టినాక మేత ముట్టిందా, బతుకుద్ది. ముట్టలేదా, ఇంక దాన్ని సతాయించగూడదు. దాని మానాన దాన్ని మేసినంత మేయనియ్యాలి." ఆ మాటలు నేను చెవులారా విన్నాను. అక్కడున్న అందరూ విన్నారు.

మోచేతి కింద పెట్టాడు. చర్మం చుయ్యిమంది. అవ్వ పళ్లు కొరుక్కుంది గానీ అరవలేదు. కాలిన చోట పొక్కు లేచి, చితికి, చీము పట్టాలి. దాన్ని మావాళ్లు వాత పండటం అంటారు. పండితే ఒంట్లోని చెడంతా ఆ పుండులోంచి కారిపోతుందని నమ్మకం. అందుకే పుండును మాననివ్వరు, ఆకులూ నూనెలూ పెట్టి పచ్చిగానే ఉంచుతారు. అవ్వ వాత బాగానే పండింది. కళ్లు మాత్రం తెల్లబడలేదు. గంజి తాగినా కక్కేసేది. మా మామ నాలుగు పొద్దులు చూసి, తన మాట ప్రకారం సలాక మూట కట్టేశాడు. "ఇంక నా చేతిలో లేదమ్మాయ్, మీ సూర్యాపేట డాక్టరుకు చూపించండి" అన్నాడు. ఆ ఒక్క రోజు ఆయన మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

సూర్యాపేటలో డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఇక్కడ కాదు, పట్నం తీసుకుపొమ్మన్నాడు. నాయన రాలేదు. మందను వదిలి వస్తే తిరిగొచ్చేసరికి మంద ఉండదు. పగలు మిలిటరీవాళ్లు, రాత్రి అడవిలో ఉన్నవాళ్లు, ఇద్దరికీ ఆకలే, ఇద్దరికీ మా గొర్రెలే కనపడేవి. కాబట్టి అవ్వ, నేను, మామ బయల్దేరాం. అప్పటికింకా బొగ్గు బస్సులు పోలేదు. వెనక కొలిమి లాంటి దాన్ని రగిలించి, అది వేడెక్కేదాకా కూర్చుని, ఎత్తు వస్తే దిగి నడిచి, సాయంత్రానికి పట్నం చేరాం. దారిలో మిలిటరీవాళ్లు బస్సు ఆపి మా మామ గొంగడి మూటను తుపాకీ కొసతో పొడిచి చూశారు. అందులో అవ్వ పసుపు డబ్బీ తప్ప ఏమీ లేదు.

పట్నంలో పెద్ద దవాఖాన. పొట్ట కోసి కుట్టారు. నేను దేవుళ్లందరికీ మొక్కాను, మామ మా కులదైవం గట్టు మీది లింగమంతుల స్వామికి పొట్టేలు మొక్కాడు. వారం తిరిగేసరికి అవ్వ కళ్లలో పచ్చదనం దిగడం మొదలైంది. దురద పోయింది. ఒకనాడు పొద్దున లేచి, "బిడ్డా, ఆకలైతున్నది" అంది. నెలల తర్వాత ఆ మాట. దవాఖానలో ఇచ్చిన డబల్ రొట్టెను చాయలో ముంచుకుని మొత్తం తినేసింది. పక్క మంచం ఆమె వదిలేసిన రొట్టె కూడా అడిగి తిన్నది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కోసిన డాక్టరు పెద్దాయన, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. మామనూ నన్నూ వసారాలోకి పిలిచాడు. "చూడండి, గడ్డ తియ్యలేదు. తియ్యరాదు. మీరు రాచపుండు అంటరు గద, అదే. కడుపు ఎనుక భాగంల ఉన్నది, రక్తం నాళాలకు అతుక్కపోయింది. లివర్‌కు గూడ పాకింది. పైత్యం పోయే తోవ బంద్ అయితే, పక్క నుంచి వేరే తోవ చేసినం. అందుకే కామెర్లు దిగినయి." అది క్లోమంలో వచ్చిన క్యాన్సర్ అని, దానికి ఆ పేరుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను.

"అయితే బాగవ్వదా డాక్టరుగారూ?" అన్నాడు మామ.

"కాదు. కానీ ఇప్పుడు ఆకలైతది, తింటది, తిరుగుతది. ఎన్ని దినాలో నేను చెప్పలేను. ఏడాది మాత్రం అనుకోకండి." ఆయనే మళ్లీ అందుకున్నాడు. "కావాలంటే కరెంటు పెట్టొచ్చు. అంటే యంత్రంతోటి ఎక్స్‌రేను లోపలి దాక పంపి గడ్డను కాలుస్తరు. నొప్పి జర తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. గడ్డ మాత్రం పోదు. పెట్టినన్నాళ్లు వాంతులైతయి, ఆకలి చచ్చిపోతది. మీరు ఇంటికి తీసుకపోతమన్నా నేను తప్పనను."

ఇంతకంటే తేటగా ఎవరు చెప్తారు? గడ్డ పోదు, ఆకలి పోతుంది. నాకు ఆ రెండు ముక్కలు చాలు. మా మామకు మాత్రం ఆ మాటలన్నిటిలో ఒక్కటే వినపడింది. లోపలి దాకా పంపి కాలుస్తారు!

డాక్టరు అటు పోగానే అన్నాను, "ఇంటికి తీసుకపోదాం మామా. ఆకలున్నన్ని దినాలు తిననీయి."

"ఏం మాటలవి అమ్మాయ్! అంత పెద్ద వాత ఉందని ఆయనే చెప్తుంటే, పెట్టించకుండా తీసుకుపోయామంటే కులపోళ్లు నా మొహాన ఉమ్మరూ? తోడబుట్టినదాన్ని సగం వైద్యంతో తెచ్చి పడేశాడంటరు."

"నువ్వే చెప్తివి గద, రెండో వాత పెట్టేటోడు కసాయోడని."

"అది మన సలాక సంగతి. సలాక తోలు దాకానే పోద్ది. ఇది లోపల గడ్డ దాకా పోయే వాత. రెండూ ఒకటేనా?" అని, ఇంక నాతో మాట్లాడేది లేదన్నట్టు తలపాగా విప్పి దులిపి చుట్టుకున్నాడు. అక్కడ ఆడపిల్ల మాటకు విలువెక్కడిది? కరెంటు గది వాళ్లు కూడా ఏదన్నా అడగాలంటే ఆయననే అడిగారు.

మామ చెప్పొద్దన్నా నేను అవ్వకు చెప్పేశాను. ఆ పూటే చెప్పాను. ఆమె ఒంట్లో సంగతి ఆమెకు తెలియకుండా దాచడానికి మనమెవరం? గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నది.

"గడ్డ గట్లనే ఉన్నదా?"

"ఉన్నది అవ్వా."

"ఇప్పుడైతే నొప్పి లేదు. తిన్నది ఇముడుతున్నది." చేతి మీద వాత మచ్చను తడుముకుంది. "ఇంటికి పోదాం బిడ్డా. గీ రొట్టె గిట్ల తిండేనా? మన దొడ్డికాడ కూసోని, జొన్న గటక ఉడకేసుకోని, దాంట్ల గొర్రెపాలు పోసుకోని తినాలె. ఆపరేషనైనకాడికెంచి నాకు అదే పానం గుంజుతున్నది."

గటక అంటే దంచిన జొన్నరవ్వను ముద్దగా ఉడికించేది. ఇక్కడే వండిపెడతానన్నాను. వద్దంది. పట్నం జొన్నలు వద్దట, పట్నం పాలు అసలే వద్దట. "ఇంటికాడ తింట" అంది. అంత ఖాయంగా అంది ఆ మాట, రేపో ఎల్లుండో బస్సెక్కబోతున్నట్టు.

ఆ సంగతి మామతో ఆమే చెప్పింది. కరెంటు వద్దు, ఇంటికి పోతా అంది. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఆ ఎత్తరి మనిషి వార్డులో నలుగురూ చూస్తుండగా నేల మీద కూలబడి చెల్లెలి కాళ్లు పట్టుకున్నాడు. "అమ్మ పోయేటప్పుడు నిన్ను నా చేతుల్లో పెట్టింది చెల్లే. ఒక్కసారి నా మాట విను. ఈ ఒక్క వాత పెట్టించుకో. నువ్వు పోతే నేనెట్లా బతికేది?" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అవ్వ గబగబా కాళ్లు వెనక్కి లాక్కుంది. పెద్దవాడు చిన్నదాని కాళ్లు పట్టడం పాపం. "లే అన్నా, లే. పెట్టించుకుంట, లే" అంది.

తర్వాత నేను కోపంతో ఊగిపోతుంటే, "అన్న కాళ్లు వట్టుకున్నంక నేనెట్ల కాదంట బిడ్డా" అంది. నా దృష్టిలో ఆయన అరిచి ఉంటేనే బాగుండేది. అరుపును ఎదిరించొచ్చు. ఏడ్చి కాళ్లు పట్టుకునే ప్రేమ ముందు మా అవ్వ లాంటి వాళ్లు నిలబడలేరు. ఆ ప్రేమకు ఆమె తన ఆకలిని ఇచ్చేసింది. ఆమెకు మిగిలింది అదొక్కటేనని ఆయనకూ తెలుసు.

దవాఖాన దగ్గరే కిరాయికి ఒక గది తీసుకున్నాం. రోజూ నడిపించుకుపోయేవాళ్లం. కరెంటు గది తలుపు ఇంత మందాన, సీసం వేసి చేసింది. లోపల పెద్ద యంత్రం, దాని మూతి కిందికి వంగి ఉండేది. అవ్వ పొట్ట మీద ఊదారంగు సిరాతో చదరంగా గీతలు గీశారు. ఆ చోట నీళ్లు పోయొద్దు, నూనె రాయొద్దు, పసుపు పుయ్యొద్దు అని గట్టిగా చెప్పారు. బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, అందరూ బయటకొచ్చి తలుపు వేసేవాళ్లు. చిన్న అద్దంలోంచి చూస్తే ఆమె ఒక్కతే పైకప్పు కేసి చూస్తూ కనపడేది. లోపల యంత్రం గుయ్యిమనేది. తలుపు తీశాక గదిలో పిడుగు పడ్డప్పటి వాసన ఉండేది.

మొదటి రోజు బయటికొచ్చి, "ఏం కాలేదు గద! సురుక్కుమనలే, మంట లే" అని నవ్వింది. మామకు అది నచ్చలేదు. మంట లేని వాత ఏం వాత అని ఆయన దిగులు. మూడో రోజుకు వాంతులు మొదలయ్యాయి. మొదట పొద్దున, తర్వాత పొద్దంతా. డబల్ రొట్టె వాసన పడలేదు, చాయ పడలేదు, చివరకు అన్నం ఉడికే వాసనకే కొంగు నోట్లో కుక్కుకునేది. నేను వండటం మానేశాను. గదికి దూరంగా, వీధి మలుపులో ఉన్న హోటల్లో తిని వచ్చేవాళ్లం. మేము తిని వస్తే ఆమెకు మా నోటి వాసన కూడా సయించేది కాదు. అటు తిరిగి పడుకుని, "తిన్నరా?" అని మాత్రం అడిగేది.

నేను మళ్లీ మళ్లీ గొడవ పెట్టుకున్నాను. చాలు మామా, ఆపేద్దాం మామా అన్నాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. "మధ్యలో ఆపితే ఎటూ గాకుండా పోద్ది" అనేవాడు. పగలంతా దవాఖాన మెట్ల మీద కూర్చుని, వచ్చే పోయే వాళ్లకు కరెంటు వాత గురించి ఆయనే చెప్పేవాడు. వినేవాళ్లు కూడా దొరికేవాళ్లు.

కొన్నాళ్లకు గీతల లోపల చర్మం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, తర్వాత పొరలుగా ఊడి రసి కారడం మొదలైంది. అది చూసినప్పుడు మా మామ ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా ఉన్న దిగులంతా ఎగిరిపోయింది. "పండింది! చూశావా అమ్మాయ్, పండింది! మన వాత పండింది గానీ పైపైన పండింది. ఇది లోపల కాల్చి బయటికి తీస్తంది చెడును" అని కరెంటు గది ముందున్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు. ఆ కరెంటు పెట్టే డాక్టరు మాత్రం పుండు చూసి తల అడ్డంగా ఆడించాడు. చర్మం ఓర్చుకోలేదు, మనిషి కూడా ఓర్చుకోవడం లేదు, ఇక పెట్టం, ఇంటికి తీసుకుపోయి పుండును పొడిగా ఉంచండి, దానంతట అది మానుతుంది అన్నాడు. మా మామ చేతులు జోడించి, ఇప్పుడే పండింది కదా దొరా, ఇంకొన్నిసార్లు పెట్టండి అని బతిమాలాడు. ఆ డాక్టరు ఇలాంటి బతిమాలుడు ఎన్నడూ విని ఉండడు. ఆయన్నే ఒకసారి చూసి లోపలికి పోయాడు.

ఊరికొచ్చేటప్పుడు అవ్వను బస్సులో నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. సూర్యాపేటలో మా ఇంట ఒక రోజు ఆగి, మర్నాడు బండి మీద గడ్డి పరిచి తీసుకుపోయాం. దొడ్డి వాసన రాగానే ఆమె తల ఎత్తింది. గొర్రెల ఈతలు మొదలై, పిల్లలు మే మే అంటున్నాయి. "కూసోవెట్టు బిడ్డా" అంది. దొడ్డి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. నాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి ఆమె కళ్లలోకే చూశాడు. పోయి కొత్తగా ఈనిన గొర్రె పాలు పితుక్కొచ్చాడు.

నేను జొన్నలు దంచాను. మా రోట్లోనే దంచాను, మా పొయ్యి మీదే ఉడికించాను. గిన్నెలో గటక పెట్టి, గోరువెచ్చగా పాలు పోసి ఆమె ముందు పెట్టాను. చాలాసేపు దాన్ని చూసింది. రెండు వేళ్లతో కాస్త తీసుకుని నోట్లో పెట్టుకుంది. మింగాలని ఎంత చూసిందో! దవడలు కదిలాయి, గొంతు కదలలేదు. ఆ ముద్దను అరచేతిలోకి ఉమ్మి, ఎవరూ చూడకుండా కొంగులో దాచుకోబోయింది. నేను చూశాను. నాయనా చూశాడు. ఆయన లేచి గొర్రెల్లోకి పోయాడు.

మామకు మాత్రం మొక్కు బాకీ ఉంది. నేను వద్దంటే వద్దని మొత్తుకున్నా, కోదాడ నుంచి పొట్టేలును తోలుకొచ్చి, స్వామి పేర కోసి, కులపోళ్లందరినీ పిలిచాడు. వాకిట్లో మాంసం ఉడుకుతుంటే ఇంట్లో అవ్వ ముక్కుకు గుడ్డ కట్టుకుని పడుకుంది. మగవాళ్లు వాకిట్లో విస్తర్ల ముందు కూర్చున్నారు. ఆడవాళ్లను మాత్రం ఆయన ఒక్కొక్కరినే లోపలికి పంపాడు, వాత చూసి రమ్మని. వాళ్లు వచ్చి, అవ్వ పొట్ట మీద గుడ్డ తొలగించి చూసి, "అబ్బ, ఏం పండింది వదినే! ఇగ నీకేం భయం లేదు" అని చెప్పి పోయి మాంసం తిన్నారు. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు తెలిసిందే వాళ్లు చెప్పారు. కానీ ఆ రోజు వచ్చిన ప్రతి మనిషినీ చీపురు తిరగేసి కొట్టాలనిపించింది నాకు.

చివరకు మామే వచ్చాడు, చేతిలో జిల్లేడాకులు, వేపనూనె పిడతతో. పుండు ఆరిపోతున్నదట. ఆరితే చెడు లోపలే ఉండిపోతుందట. పచ్చిగా ఉంచాలట. నేను ఆ పిడత లాక్కుని గడపవతల విసిరికొట్టాను. "పొడిగ ఉంచమని చెప్పలేదా? ముట్టుకున్నవంటే మర్యాద దక్కదు మామా!" అన్నాను. మేనమామతో ఎవరూ అలా మాట్లాడరు మా ఇళ్లలో. వాకిట్లో తినేవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆయన చెయ్యెత్తాడు.

"అన్నా" అని పిలిచింది అవ్వ.

చాలా మెల్లగా పిలిచింది. ఆయన చెయ్యి దించి మంచం దగ్గర కూర్చున్నాడు.

"అన్నా, మందల గొర్రెకు రెండో వాత పెట్టినవా ఎన్నడన్న?"

"నువ్వు గొర్రెవా చెల్లే?" అన్నాడు ఆయన.

"గాదు. గొర్రెనైతే ఇంటికాడ మేసి సచ్చేదాన్ని."

ఆ మాట ఆమె కోపంతో అనలేదు. ఒట్టిగా, ఉన్న సంగతి చెప్పినట్టు అంది. ఆయన జిల్లేడాకులు చేతిలోనే నలిపేసి, బయటికి పోయి, తినేవాళ్లకు మాంసం వడ్డించడం మొదలుపెట్టాడు. ఏం చేస్తాడు, పిలిచింది ఆయనే కదా.

ఎండలు ముదరకముందే కళ్లలో మళ్లీ పచ్చదనం వచ్చింది. ఈసారి నేను రోజూ చూస్తున్నాను కాబట్టి వచ్చిన రోజే తెలిసింది. తెలిసి చేసేదేముంది? అవ్వ పోయిన రోజు ఆడవాళ్లు స్నానం పోసి నిలువెల్లా పసుపు పూశారు. మొగుడుండగా పోయింది, పుణ్యాత్మురాలు, పసుపు కుంకాలతో పోయింది అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆ పసుపు కింద ఉన్న పసుపు వాళ్లకెవరికీ పట్టలేదు. నేను కుంకుమ పెట్టి పక్కకు వచ్చేశాను.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే, కాకి వచ్చి ముడితే ఆ మనిషికి ఏ కోరికా మిగల్లేదని లెక్క. మామ మాంసం పెట్టించాడు, కల్లు పెట్టించాడు, గారెలు పెట్టించాడు. నేను గటక వండి, గొర్రెపాలు పోసి ఒక దొప్పలో ఓ చివరన పెట్టాను. అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది. మాంసం వైపు పోలేదు, గారెల వైపు పోలేదు. సరాసరి వచ్చి గటకలో ముక్కు పెట్టింది.

మా మామ రెండు చేతులూ పైకెత్తి మొక్కాడు. కళ్లు తుడుచుకుంటూ అందరి వైపూ తిరిగాడు. "చూశారా? తృప్తిగా పోయింది నా చెల్లెలు. మేం చెయ్యని వైద్యం లేదు" అన్నాడు. అందరూ అవునన్నారు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, ఎవరు కలిసినా, ఆ కాకి కథ చెప్పి కళ్లు తుడుచుకునేవాడు.

నేను ఆ కాకిని చూస్తూ నిలబడ్డాను. దొప్ప ఖాళీ అయ్యేదాకా తిన్నది. తిన్నది కాకి. మా అవ్వ కాదు.